మా అక్క సవతి దాణా ఖర్చు

మా బావ పరుపులు కుడతాడు. ఆయన కుట్టిన పరుపు మీద పడుకున్నవాడు పొద్దున్నే లేవలేడు, లేచినా తిట్టుకుంటూ లేస్తాడు. పనిలో అంతటివాడు. మిగతా విషయాల్లో ఎలాంటివాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. అదే షాపులో దూది తూస్తాను, బేరాలాడతాను, అప్పుడప్పుడు నోరు జారతాను.

షాపు పొడుగ్గా రైలుపెట్టెలా ఉంటుంది. ముందు గదిలో బావ నేలమీద కూర్చుని దబ్బనంతో పరుపుల అంచులు కుడుతుంటాడు. మధ్య గదిలో దూది. అందులోకి ఎవరు వెళ్లినా తుమ్ముకుంటూ బయటికొస్తారు. వెనక గదిలో కిటికీ పక్కన కాలిమిషను. దానిమీద మా అక్క గలీబులు కుడుతుంది. గలీబు లేనిదే పరుపు లేదు, అక్క కాలు ఆడనిదే గలీబు లేదు. పెళ్లై వచ్చిన మర్నాడే ఆ మిషను ముందు కూర్చుంది, ముప్పై ఏళ్లుగా తొక్కుతూనే ఉంది. ఆ తొక్కిందంతా సైకిలు మీద తొక్కి ఉంటే ఈపాటికి భూమి చుట్టూ తిరిగొచ్చేది. తెలివిగల మనిషి కాబట్టి మా వీధి దగ్గర ఆగకుండా ఇంకో చుట్టుకు వెళ్లిపోయేది కూడా.

ఇలాంటి ఇంటికి రేసుగుర్రం వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పే. అది ఏనాడూ రాలేదు. బిల్లులే వచ్చాయి.

రేసుకోర్సు లాయంలో ఒక ఆడగుర్రం గోడల్ని తన్ని కాళ్లు పాడుచేసుకుంటోందని, గోడలకు పరుపులు కుట్టి బిగించాలని ట్రైనరు కబురుపెట్టాడు. గుర్రాలను పందేలకు తయారుచేసే ఆయన్ను అక్కడ అలా అంటారు. బావ టేపు పట్టుకుని వెళ్లాడు. గోడ కొలుస్తుంటే ఆ గుర్రం వెనకనుంచి వచ్చి, ఆయన భుజం మీద గడ్డం ఆనించి, కళ్లు మూసుకుని కునుకు తీసింది. బావ కదల్లేదు. టేపు గోడకు అదిమిపెట్టి మధ్యాహ్నం దాకా అలాగే నిలబడ్డాడు. ఆయన కుట్టిన పరుపుల మీద ఊరంతా పడుకుంది గానీ, ఆయన మీదే ఒకరు నిద్రపోవడం అదే మొదలు. అది నిద్ర లేచేసరికి ఈయన మనసు చేజారిపోయింది.

దాని యజమాని భవనాలు కట్టే కాంట్రాక్టరు. అక్కడే కుర్చీ వేసుకుని ఈ వేడుకంతా చూశాడు. "మీరంటే దానికి ప్రాణంలా ఉందండీ, మీరే తీసుకోండి" అన్నాడు. ఆయన చెప్పిన ధరకు పాడిగేదె కూడా రాదు. ఇంత చవగ్గా ఎందుకిస్తున్నావని అడిగేవాడు వ్యాపారి. మా బావ అడగలేదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అన్నారా? ఆ సామెత నేను బావకు అప్పుడే చెప్పాను.

"ఇది గుడ్డిది కాదురా" అన్నాడు సంతోషంగా.

అక్క మాత్రం మిషను ఆపకుండానే అడిగింది. "తా దూర కంత లేదు, మెడకో డోలు. ఎక్కడ కడతారండీ దాన్ని? దూది గదిలోనా?"

"ఇంటికి తేకూడదే. ట్రైనింగులో ఉంది కదా, అక్కడే ఉంటుంది."

"పోనీ ఎక్కి తిరుగుతారా?"

"ఎక్కకూడదు. దానికి జాకీ ఉంటాడు."

"మరి మీరేం చేస్తారు?"

"ఓనర్ని కదా. చూడొచ్చు. ఆదివారాలు."

అక్క దారం తెంపి, "అయితే మీరు కొన్నది గుర్రాన్ని కాదు, నాకు సవతిని తెచ్చారు" అంది. ఆనాటి నుంచి మా ఇంట్లో దాని పేరు సవతి. కాగితాల్లో ఏదో నోరు తిరగని పేరుంది, అది నాకిప్పటికీ రాదు.

మొదటి నెల బిల్లు వచ్చినప్పుడు బావ దాన్ని పెళ్లి శుభలేఖలా రెండు చేతులతో పట్టుకుని చదివాడు. మాకు ఏ ఖర్చునైనా పరుపుల్లో లెక్క వేసుకోవడం అలవాటు. ట్రైనరు నెల ఫీజుకే పది డబుల్ పరుపులు పోయాయి. లాడాలు వేసే మనిషికి నాలుగు దిండ్లు. పందెం ఉందంటే ఆయన ముందురోజు వచ్చి ఇనప లాడాలు ఊడదీసి తేలికవి వేస్తాడు, మర్నాడు వచ్చి తేలికవి ఊడదీసి ఇనపవి వేస్తాడు. వేసినందుకూ తీసుకుంటాడు, తీసినందుకూ తీసుకుంటాడు. పనీపాటా లేని వాణ్ణి "గుడ్డిగుర్రానికి పళ్లు తోముతున్నావా" అని తిడతాం కదా, ఆ ఉద్యోగం నిజంగానే ఉంది. గుర్రం పళ్లు అరగదీయడానికి ప్రత్యేకంగా ఒక డాక్టరు కారులో వస్తాడు. ఆయన ఫీజుతో ఒక సోఫా సెట్టు మొత్తం కొత్తగా కుట్టించుకోవచ్చు. అది కట్టిన వారమే బావకు పన్ను పోటు మొదలైంది. డబ్బుల్లేక దవడకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు.

బిల్లు చివర్లో "తోడు, ఒకటి" అని ఉంది.

"తోడేంటి బావా?" అన్నాను.

"మేక. ఒంటరిగా ఉంటే దీనికి నిద్ర పట్టదట. అందుకని గదిలో ఒక మేకను పెట్టారు."

"మేక మేతకు కూడా మనమే కట్టాలా?"

"మన పిల్లకు తోడుంటోంది కదరా. దాని కడుపు మాడ్చడం న్యాయమా?"

వెనక గదిలో మిషను చప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇంకా గట్టిగా మొదలైంది.

సవతి పరిగెత్తలేదా అంటే పరిగెత్తింది. మొదటి పందెంలో చివరినుంచి రెండోది. చివరిది జాకీని పడేసి పక్క తోటలోకి పోయింది కాబట్టి ఆ పరువైనా దక్కింది. రెండో పందెంలో గేటు తెరిచాక కూడా లోపలే నిలబడింది. జాకీ మెడమీద తడుతూ ఏదో చెబుతుంటే చెవులు రిక్కించి శ్రద్ధగా విన్నది. మిగతా గుర్రాలు చుట్టు ముగించుకుని వస్తుంటే వాటితో కలిసి నాలుగడుగులు వేసింది. "దానికి పోటీ మనస్తత్వం లేదు, మంచి సంస్కారం" అన్నాడు బావ. జాకీ ఫీజు, లారీ కిరాయి, పేరు నమోదుకు కట్టింది అన్నీ కలిపితే ఆ నాలుగడుగులకు మాకు హాస్టలు ఆర్డరు ఒకటి హరించుకుపోయింది.

తర్వాత దాని ముందుకాలు వాచింది. ఇక్కడే నాకు ఈ వ్యాపారం అసలు రహస్యం తెలిసింది. గుర్రం పనిచేస్తే ఒక బిల్లు, పనిచేయకపోతే అంతకన్నా పెద్ద బిల్లు. కాలికి ఫొటోలు, పట్టీలు, చన్నీళ్ల ధార, మాలిష్ చేసే మనిషి, ఈతకొలను. అవును, గుర్రానికి ఈతకొలను. బావ ఈ మాట చెబుతుంటే ఆయన ముఖంలో వెలుగు చూసి నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే అప్పటికి మా అక్క కుడి మోకాలు కొబ్బరికాయంత అయింది.

సవతి కాలు బాగుచేయించడానికి బావ ఎక్కడెక్కడి ఆర్డర్లూ ఒప్పుకున్నాడు. హోటలు దిండ్లు, హాస్టలు పరుపులు, వైద్యశాల బెంచీలు. అన్నిటికీ గలీబులు కావాలి. అక్క మిషను దిగితే గోడ పట్టుకుని నడిచేది, మెట్లెక్కాలంటే కూర్చుని ఒక్కో మెట్టూ జరిగేది. "కొంచెం మందు రాసుకోవే" అని బావ ముందు గదిలోంచే కేకేసేవాడు. చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లుగా ఆ మిషను చప్పుడు వింటున్నాడు, అంతే. అది ఆగితే తప్ప ఆయనకు వినపడదు.

ఒక ఆదివారం అక్క నన్ను పిలిచి, "ఒరేయ్, నన్ను ఆ లాయానికి తీసుకెళ్లు. మీ బావ ఎదురుగానే ఆ ట్రైనరుతో మాట్లాడతాను. అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది. నేను సంతోషంగా బయల్దేరాను. అక్క తిడుతుంటే వినడం నాకిష్టం, ముఖ్యంగా ఆ తిట్లు నాకు కానప్పుడు.

లాయం మా ఇంటికన్నా శుభ్రంగా ఉంది. గేటు దాటగానే పొడుగాటి సిమెంటు బాట ఉంటుంది. దానికొక నియమం ఉంది. రోజూ పొద్దున ప్రతి గుర్రాన్నీ ఆ బాటమీద నడిపిస్తారు, గుర్రాల డాక్టరు స్టూలుమీద కూర్చుని చూస్తాడు. అడుగు తేడాగా పడితే చాలు, వెనకనున్న నల్లబోర్డు మీద సుద్దతో దాని పేరు రాస్తాడు. పేరెక్కిన గుర్రంతో పని చేయించడానికి ట్రైనరుకు గానీ, ఓనరుకు గానీ హక్కు లేదు. ఆ పేరు మళ్లీ డాక్టరే చెరపాలి. ఆయన పెద్దాయన, మందపాటి కళ్లజోడు. మనుషుల ముఖాలవైపు చూడడని, నలభై ఏళ్లుగా కాళ్లే చూస్తున్నాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

మేం వెళ్లేసరికి నడకలు జరుగుతున్నాయి. ఒక గుర్రం వెళ్లిపోయింది, ఇంకోటి రావాలి. ఆ సందులో అక్క బాట మీదికి ఎక్కింది.

"ఆపు" అన్నాడు డాక్టరు.

ఆగాం.

"వెనక్కి తిప్పి, మళ్లీ నడిపించు."

ఆయన గొంతులో ఏముందో గానీ, నేను అక్క మోచెయ్యి పట్టుకుని వెనక్కి తిప్పి మళ్లీ నడిపించాను. అక్క కూడా మారుమాట్లాడకుండా నడిచింది. ఆయన స్టూలు దిగి వచ్చి, చీర మీదుగానే మోకాలు రెండు వేళ్లతో నొక్కి చూశాడు.

"కుడిది. బాగా ముదరబెట్టారు. వయసెంత?"

"యాభై రెండు" అన్నాను.

ఆ అంకె విని ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చినట్టుంది. తలెత్తి అక్క ముఖం చూశాడు. చూసి, మళ్లీ మోకాలివైపే తిరిగాడు. "ఎవరిదైతేనేం, కాలు కాలే. ఎన్నాళ్లనుంచి పనిలో ఉన్నారమ్మా?"

"పెళ్లైనప్పట్నుంచీ" అంది అక్క.

"మధ్యలో విశ్రాంతి?"

తిట్టడానికి వచ్చిన మనిషి నోరు తెరిచి, ఏడ్చేసింది. మా అమ్మ పోయినప్పుడు తప్ప నేను మా అక్క ఏడవగా చూడలేదు. 'విశ్రాంతి ఉందా' అని ఆమెను అడిగినవాళ్లు ఈ భూమ్మీద అప్పటిదాకా లేరు. నేను కూడా అడగలేదు.

"ఓనరెవరు?" అని గట్టిగా అరిచాడు డాక్టరు.

అవతల సవతి గది ముందు బావ క్యారెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అక్క కన్నీళ్లు తుడుచుకుంటూనే ఆయనవైపు వేలు చూపించింది.

"ఇలాంటి కాలుతో పని చేయిస్తున్నావా? సిగ్గులేదూ? ఇది నా లాయంలో జరిగితే లైసెన్సు తీయించేవాణ్ణి" అన్నాడు డాక్టరు. బావకు ఆ లాయంలో అందరికన్నా ఆయనంటేనే భక్తి. ఇన్నాళ్లలో ఆయన తనతో మాట్లాడటం అదే మొదటిసారి. కుక్కిన పేనులా నిలబడిపోయాడు. డాక్టరు బోర్డు దగ్గరికెళ్లి, సవతి పేరు కింద "పరుపులావిడ, కుడి మోకాలు, ఆరు వారాలు" అని రాసి, సుద్ద దులుపుకుని, తర్వాతి గుర్రాన్ని పిలిచాడు.

బోర్డు మీద పేరెక్కింది. ఇక దేవుడు దిగొచ్చినా మా అక్క మిషను ఎక్కడానికి వీల్లేదు. నేను ఇది నవ్వులాటగా పోతుందనుకున్నాను. మా బావ సంగతి మర్చిపోయాను. పోలీసు చెబితే వినడు, నేను చెబితే అసలే వినడు గానీ, లాయం నియమమంటే ఆయనకు వేదం. మర్నాడే మిషను ముందు తను కూర్చున్నాడు. రోజుకు మూడుసార్లు పెరట్లో గొట్టం పట్టుకుని అక్క మోకాలి మీద చన్నీళ్ల ధార పోశాడు. పట్టీ ఎలా చుట్టాలో సవతిని చూసుకునే సైసు వచ్చి నేర్పించాడు. పొద్దున్నే చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి తీసుకురావాలి, ఎడంపక్కనే ఉండాలి, బండ్ల చప్పుడుకు బెదరకుండా చూసుకోవాలి. అన్నీ తు.చ. తప్పకుండా చేశాడు. తడిపిన తవుడు పెట్టమని కూడా సైసు చెప్పాడట. ఆ గిన్నె మాత్రం అక్క విసిరికొట్టింది.

"ఆవిడ ఎలా ఉంది? మేత తింటోందా?" అని ట్రైనరు ఫోన్ చేసి కనుక్కునేవాడు.

"తింటోందండీ. కొంచెం కోపంగా ఉంది" అని చెప్పేవాడు బావ.

ఆ నెల బిల్లు వచ్చింది. లాయం గుమాస్తా బోర్డు చూసి బిల్లు రాస్తాడు, బోర్డు మీద ఎవరున్నారో ఆయనకనవసరం. సవతి ఖర్చుల కింద ఇంకో వరస ఉంది: "పరుపులావిడ, విశ్రాంతిలో, దాణా లేదు, సగం ఫీజు." నేను ఫోనందుకుని ఆ గుమాస్తాను కడిగేయబోయాను. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "చూసింది డాక్టరే కదరా" అని కట్టేశాడు. అక్క ఆ కాగితం అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నా మీద బిల్లు రావడం ఇదే మొదలురా తమ్ముడూ" అంది. ఆ గొంతులో ఉన్నది గర్వమే, నేను ప్రమాణం చేసి చెప్పగలను.

కానీ అక్క కుట్టేదాంట్లో సగం కూడా బావ కుట్టలేకపోయాడు. పొద్దున రెండు గలీబులు కుట్టి, మధ్యాహ్నం తన మోకాళ్లకు తనే మందు రాసుకునేవాడు. ఒకరోజు నేను వెళ్లేసరికి మిషను మీద తల వాల్చి, "ఇది ఇంత బరువుంటుందని మీ అక్క ఎప్పుడూ చెప్పలేదేంరా?" అన్నాడు. హోటలువాళ్లు ఆర్డరు వెనక్కి తీసుకున్నారు. ఈలోగా సవతి కాలు నయమైంది, పందెంలో పేరు నమోదుకు డబ్బు కట్టాల్సిన గడువు వచ్చింది. చేతిలో ఉన్న డబ్బు ఒకళ్లకే సరిపోతుంది. డాక్టరు బోర్డు మీద అక్క పేరు చెరిపితే అక్క మళ్లీ మిషనెక్కుతుంది, సవతి పరిగెడుతుంది. చెరపకపోతే సవతి పోవాలి. ఇది ముగ్గురికీ తెలుసు.

ఆరు వారాలూ నిండిన రోజున లాయానికి వెళ్లాం. అక్క మోకాలు బాగా తగ్గిపోయింది. ఆ పొద్దున మెట్లు దిగుతున్నప్పుడు చూశాను, చక్కగా దిగింది. బస్సెక్కింది, దిగింది, గేటుదాకా నాకన్నా ముందు నడిచింది.

సిమెంటు బాట దగ్గర డాక్టరు స్టూలుమీద కూర్చుని, "నడిపించండి" అన్నాడు.

అక్క చెయ్యి బావ పట్టుకున్నాడు. ఆమె ఒకసారి సవతి గదివైపు చూసింది, ఒకసారి ఆకాశంవైపు చూసింది, తర్వాత అడుగేసింది. కుంటుతోంది. బాగా, దయనీయంగా, ఒక్కో అడుక్కీ మూలుగుతూ కుంటుతోంది.

కుంటేది ఎడమ కాలు.

నలభై ఏళ్లుగా కాళ్లు తప్ప ఇంకేదీ చూడని మనిషి ముందు మా అక్క తప్పు కాలు కుంటుతోంది. అరిచి చెప్పాలనిపించింది, ఎలా చెప్పను? ఆమె బాట చివరికంటా వెళ్లి తిరిగొచ్చింది. డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆమె కాళ్లవైపు కాకుండా ముఖంవైపు చూశాడు. చాలాసేపు చూశాడు. అక్క తల దించుకుంది.

"ఇంకో ఆరు వారాలు" అన్నాడు డాక్టరు, సుద్ద అందుకుంటూ.

ట్రైనరు బావ దగ్గరికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "పందేనికి గడువు ఇవాళేనండీ. ఏం చేద్దాం?"

"ఇద్దర్ని మేపే తాహతు నాకు లేదండీ. ఒకరికి వేరే మంచి ఓనర్ని చూడండి" అన్నాడు బావ.

"దేనికి చూడమంటారు?" అన్నాడు ట్రైనరు, కాగితం మీద కలం పెట్టి. ఆయనకు అది మామూలు ప్రశ్నే.

బావ జవాబు చెప్పడానికి కొంచెం టైము పట్టింది. అక్కకు నచ్చనంత టైము. తర్వాత "గుర్రానికి" అన్నాడు. అని, సవతి గదికి వెళ్లాడు. అది అలవాటుగా ఆయన భుజం మీద గడ్డం ఆనించింది. ఆయన దాని మెడ పట్టుకుని ఏడ్చాడు. నాకు ఆ గుర్రమంటే పడదు, ఆ గుర్రాన్ని కొన్న మనిషంటే అప్పుడప్పుడు పడదు, అయినా నాకూ కళ్లు చెమర్చాయి. మేక ఒక్కటే ఏమీ పట్టనట్టు గడ్డి నములుతోంది.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది, బావ ఆమె పక్కన, నేను వెనక సీట్లో. ఊళ్లోకి వస్తుండగా బావ అక్క వైపు వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా అన్నాడు.

"ఈసారి కుడికాలు కుంటు. ఆ పెద్దాయన ప్రతిసారీ ఊరుకోడు."

అక్క చేతిసంచీతో ఆయన్ను ఒక్కటేసింది. తర్వాత ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని, ఆయన భుజం మీద తల ఆనించి, మా వీధి వచ్చేదాకా నిద్రపోయింది. బావ కదల్లేదు.